చీటీ లేని మాత్ర

డాక్టరు: పెట్టె మీద ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని రాసి కూడా ఉంటుంది. షెడ్యూల్ హెచ్ మందు అది. అయినా ఈ ఊళ్ళో ఏ షాపుకి వెళ్ళినా అంగస్తంభనకి వాడే సిల్డెనాఫిల్ అడిగినవాడికి అడిగినన్ని దొరుకుతాయి. బీపీ మాత్రలకి మీరు చీటీ అడగరంటే అర్థం చేసుకోగలను, నెలనెలా వచ్చే పాత మనుషులు. మొట్టమొదటిసారి ఈ మాత్ర కోసం వచ్చినవాణ్ణయినా అడగరేం?

షాపాయన: అడిగితే వెళ్ళిపోతాడు కనకండీ. వెళ్ళేది మీ ఆసుపత్రికైతే నేనే ఆటో ఎక్కించి పంపేవాణ్ణి. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ అని నీలం రంగుతో రాసి ఉంటుంది చూడండి, అక్కడికి వెళ్తాడు. నెలకోసారి వచ్చి లాడ్జిలో దిగేవాళ్ళ దగ్గరికి వెళ్తాడు. వాళ్ళు వేలకి వేలు గుంజి చేతిలో పెట్టే పొడిలో ఏముందో దేవుడికే తెలియాలి. నా దగ్గర కొన్నదాంట్లో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములుందో స్ట్రిప్పు మీదే ఉంటుంది.

డాక్టరు: ఆ పొడుల్లో ఏముంటుందో పరీక్ష చేసినవాళ్ళకి తెలుసు. మూలికలని చెప్పి అమ్మే మగతనపు సరుకులో అమెరికా ఎఫ్‌డీఏ మాటిమాటికీ పట్టుకునేది ఈ సిల్డెనాఫిల్‌నే. లేబుల్ మీద పేరు లేకుండా, మోతాదు తెలియకుండా కలిపేస్తారు. ఇలాంటి ప్రకటనలు చెయ్యకూడదని 1954లోనే చట్టం వచ్చింది మన దేశంలో. గోడలకి ఇంకా ఆ కబురు అందలేదు. లాడ్జి కంటే మీ షాపు వెయ్యి రెట్లు నయం, కాదనను. కానీ దానికంటే ఇది నయం అనుకుంటూ వైద్యం చెయ్యలేం కదా.

షాపాయన: మీరు రోగిని గదిలో చూస్తారు, నేను కౌంటరు దగ్గర చూస్తాను. వచ్చేవాడు షాపు ఖాళీ అయ్యేదాకా అవతల కిళ్ళీకొట్టు దగ్గర నిలబడతాడు. ముందు ఒక తలనొప్పి మాత్ర అడుగుతాడు, తరవాత దగ్గు మందు. ఆ తరవాత ఫోన్లో ఫొటో చూపిస్తాడు. పేరు నోటితో పలకడు. యాభై ఏళ్ళవాడు, ఇంట్లో కోడలుందనుకోండి, ఆ మాత్ర పేరు పలకడానికే చచ్చిపోతాడు. అలాంటివాణ్ణి ‘చీటీ ఏదీ’ అంటే నేను మందు ఆపినట్టు కాదండీ, వాణ్ణి నలుగురిలో నిలబెట్టినట్టు. పైగా ఇది ఎప్పటి మందు? 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. పాతికేళ్ళు దాటింది, ప్రపంచమంతా వాడుతున్నారు. ఇంగ్లండులో 2018 నుంచి చీటీ లేకుండానే షాపుల్లో ఇస్తున్నారు. అక్కడి మగవాళ్ళకి ఉన్నపాటి తెలివి మనవాళ్ళకి లేదంటారా?

డాక్టరు: మగవాళ్ళకి ఉందండీ. షాపులకి ఉందా అని నా సందేహం. ఇంగ్లండులో చీటీ తీసేశారు, ప్రశ్నలు తియ్యలేదు. యాభై మిల్లీగ్రాములదే ఇస్తారు. చదువుకున్న ఫార్మసిస్టే గుండె సంగతి, బీపీ సంగతి, వాడే మందుల సంగతి అడుగుతాడు. ఆరు నెలల్లోపు డాక్టరుకి చూపించుకోమని చెప్పి మరీ ఇస్తాడు. మీ షాపులో గోడకి వేలాడుతున్న సర్టిఫికెట్ ఎవరిదో, ఆ మనిషి ఎప్పుడైనా ఆ కౌంటరు వెనక నిలబడ్డాడో లేదో మీకూ తెలుసు.

షాపాయన: ఆ ఊసెత్తకండి. ఎత్తితే ఈ వీధి మొత్తం మూతపడుతుంది. సరే, మా కుర్రాడికి అంత చదువు లేదు, ఒప్పుకున్నాను. అడగాల్సిన ఆ ప్రశ్నలేమిటో చెప్పండి మరి.

డాక్టరు: మొదటిది, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గానీ, ఆ జాతి నైట్రేటు మాత్రలు గానీ వాడుతున్నాడా అని. సిల్డెనాఫిల్, నైట్రేటు రెండూ రక్తనాళాలని ఒకే దారిలో వదులు చేసేవి. కలిశాయంటే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక ఒక రోజు, అదే రకం మాత్ర టాడలాఫిల్ అయితే రెండు రోజులు నైట్రేటు జోలికి పోకూడదు. ఇప్పుడు చూడండి. రాత్రి మీ మాత్ర వేసుకున్నాడు, తెల్లవారుజామున గుండె పట్టేసింది. ఇంట్లోవాళ్ళు 108కి ఫోన్ చేస్తారు. ఈలోగా పక్కింటాయన మంచితనం కొద్దీ సార్బిట్రేట్ తెచ్చి నోట్లో పెడతాడు. ఆ మాత్ర సంగతి భార్యకి తెలియదు, కొడుక్కి తెలియదు, అంబులెన్సులో వచ్చినవాడికీ తెలియదు.

షాపాయన: ఆ సంగతి ఇంట్లో తెలియకపోవడానికి కారణం నేనా? దాచుకునేలా చేసింది ఎవరు? చీటీ కావాలి, పెద్దాసుపత్రికి పోవాలి, పేరు రాయించుకోవాలి అని మీరు ఎంత బిగిస్తే వాడు అంత దాస్తాడు. బీపీ మాత్రలాగా ఇది కూడా ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటే భార్య చెప్పేది కదా 108 వాళ్ళకి. ఇంకో మాట, ఇది గుండెనొప్పికని తయారు చెయ్యబోతే బయటపడ్డ మందే కదండీ. గుండె కోసం పుట్టింది గుండెని చంపేస్తుందన్నట్టు మాట్లాడతారేం?

డాక్టరు: నిజమే, ఇంగ్లండులో ఫైజర్ కంపెనీవాళ్ళు గుండెనొప్పికే పనికొస్తుందేమో అని చూశారు. గుండెకి పెద్దగా అక్కరకి రాలేదు, పరీక్షకి వచ్చినవాళ్ళు ఇంకో సంగతి చెప్పారు, ఆ కథ మీకు తెలిసిందే. నైట్రేటు వాడనివాళ్ళలో, గుండె నిలకడగా ఉన్నవాళ్ళలో ఈ మాత్ర వల్ల గుండెపోట్లు పెరగలేదని పరిశోధనలు చెప్పాయి. అది మీ వైపు మాటే, నేనే చెప్తున్నాను. నా భయం మాత్ర చేసే కీడు గురించి కాదు. అది దాచిపెట్టేదాని గురించి.

షాపాయన: ఏం దాచిపెడుతుంది?

డాక్టరు: కాలువలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టు. అంగానికి రక్తం తీసుకెళ్ళే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె ధమని మూడు నాలుగు. లోపల కొవ్వు పేరుకోవడం అన్నిచోట్లా ఒక్కసారే మొదలవుతుంది, కానీ సన్నదాంట్లో ముందు తెలుస్తుంది. అందుకే గుండెజబ్బు బయటపడటానికి రెండు మూడేళ్ళ ముందు, కొందరిలో ఇంకా ముందే, అంగస్తంభన తగ్గుతుంది. నలభై అయిదేళ్ళ మనిషికి ఛాతీలో నొప్పి లేదు, ఆయాసం లేదు. శరీరం ఇచ్చిన హెచ్చరిక ఇదొక్కటే. అది పట్టుకుని మీ దగ్గరికొచ్చాడు. మీరు నాలుగు మాత్రలిచ్చి ఆ హెచ్చరిక వినబడకుండా చేశారు. వాడు సంతోషంగా వెళ్ళాడు. లోపల కొవ్వు తన పని తాను చేసుకుపోతోంది. ఆ రోజు ఎవరైనా బీపీ చూసి, షుగరు చూసి, కొలెస్ట్రాల్ చూసి, సిగరెట్ మాన్పించి ఉంటే?

షాపాయన: ఈ మాట బలమైందండీ, నా దగ్గర దీనికి జవాబు లేదు. కానీ నాది కూడా ఒక ప్రశ్న. మీ దగ్గరికి షుగరుకి వచ్చేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వస్తున్నారు. పాదాలు చూస్తారు. కళ్ళు పరీక్ష చేయించుకోమంటారు. కిడ్నీ పరీక్ష రాస్తారు. ఇది ఎప్పుడైనా అడిగారా? షుగరు ఉన్న మగవాళ్ళలో ఇది ఎంత మామూలో నాకంటే మీకే బాగా తెలుసు.

డాక్టరు: అడగను.

షాపాయన: ఎందుకడగరు?

డాక్టరు: వెనకాల నలభై మంది ఉంటారు. లోపలికి కొడుకో కూతురో తోడొస్తారు. అడిగితే పావుగంట పడుతుంది. ఇవన్నీ కారణాలే కానీ అసలు కారణం మీరనుకుంటున్నదే. నాకూ నోరు రాదు.

షాపాయన: మరి వాడికెలా వస్తుంది? 2023లో లెక్క తేల్చారు కదా, ఐసీఎంఆర్ వాళ్ళు, దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్లు అని. అందులో మగవాళ్ళెందరు, వాళ్ళలో ఈ బాధ ఉన్నవాళ్ళెందరు, నోరు తెరిచి చెప్పుకోగలిగినవాళ్ళెందరు? చెప్పుకుందామనుకున్నా మీ రిసెప్షన్‌లో అమ్మాయి ‘ఏంటండీ ప్రాబ్లమ్’ అని హాలంతా వినబడేలా అడుగుతుంది. వాడు ‘నీరసం’ అంటాడు. మీరు బీ కాంప్లెక్స్ రాస్తారు. వాడు ఆ చీటీ తీసుకుని నా దగ్గరికొచ్చి, బీ కాంప్లెక్స్‌తో పాటు ఈ ఫొటో చూపిస్తాడు. ఈ వైద్యం మొదలుపెట్టింది నేను కాదండీ. మీరు వదిలేసింది నా కౌంటరు మీద పడింది.

డాక్టరు: దెబ్బ తగిలింది. అయినా వదలను. మీ మాత్ర షుగరు ఉన్నవాడికి ఎంతవరకు పని చేస్తుందో తెలుసా? 1999లో షుగరు రోగుల మీదే చేసిన పరిశోధన వచ్చింది. సిల్డెనాఫిల్ వేసుకున్నవాళ్ళలో మెరుగుపడ్డామన్నది 56 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 10 శాతం. అంటే మందు మంచిదే. కానీ దాదాపు సగం మందికి తృప్తి లేదు. ఆ సగం మంది మీ దగ్గరికి తిరిగొచ్చి పని చెయ్యలేదంటే ఏం చేస్తారు?

షాపాయన: వంద మిల్లీగ్రాములది ఇస్తాను. అదీ పని చెయ్యకపోతే ఇంకో కంపెనీది.

డాక్టరు: అదీ సంగతి. సగంసార్లు మందు తప్పు కాదు, వాడకం తప్పు. పెళ్ళివిందులో బిర్యానీ దట్టంగా తిని, రెండు పెగ్గులు వేసుకుని, ఆ పైన మాత్ర మింగి గడియారం చూస్తూ కూర్చుంటాడు. కొవ్వు తిండి మీద సిల్డెనాఫిల్ ఆలస్యంగా ఎక్కుతుంది. ఎక్కినా దానంతట అది ఏమీ చెయ్యదు. మనసులో కోరిక పుట్టాలి, స్పర్శ ఉండాలి, అప్పుడు నరాల చివర్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, దాంతో రక్తనాళాలు వదులవుతాయి. ఆ వదులు తొందరగా పోకుండా ఆపడమే మాత్ర పని. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఈ పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, మాత్ర వచ్చిన సంవత్సరమే. మాత్ర కోరికని పుట్టించదని స్ట్రిప్పు ఇచ్చేటప్పుడు ఎవరు చెప్తున్నారు? శీఘ్రస్ఖలనం ఉన్నవాడు కూడా ఇదే కొనుక్కుపోతాడు. రెండూ వేరువేరు సమస్యలని వాడికి తెలియదు. మీ అల్మారాలో రెండు సమస్యల మందులూ కలిపేసిన మాత్రలు కూడా ఉన్నాయి, కాబట్టి తెలియాల్సిన అవసరమూ రాదు.

షాపాయన: ఉన్నాయి, అమ్ముతాను. ఖాళీ కడుపుతో వేసుకొమ్మని మాత్రం చెప్తానండీ. మిగతాది చెప్పను.

డాక్టరు: సగం మాట చెప్పి సగం మింగేస్తే, మాత్ర కూడా పని చెయ్యలేదంటే ఇక తన బతుకింతే అనుకుని వాడు ఇంటికి పోతాడు. నా బాధ ముఖ్యంగా ఇక్కడ. మాత్ర తరవాత ఇంకా దార్లు ఉన్నాయని ఈ ఊళ్ళో ఎంతమందికి తెలుసు? గాలి తీసేసి రక్తం లాగే పంపు ఉంది, మందు కాదు, చాలామంది వాడొచ్చు. సన్నని సూదితో అక్కడే ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. 1983లో జైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లాస్ వేగస్‌లో యూరాలజిస్టుల సభకి ముందు తనకి తానే ఆ ఇంజెక్షన్ చేసుకుని వచ్చి, మాటలతో నమ్మరని వేదిక మీద ప్యాంటు దించి చూపించాడు.

షాపాయన: అమ్మ బాబోయ్. మన సభల్లో శాలువాలు కప్పడమే చూశాం.

డాక్టరు: ఆ ఒక్క సభతో వైద్యం మారిపోయిందని చెప్పుకుంటారు. ఆఖరిది ఆపరేషన్ చేసి లోపల అమర్చేది. గాలి బుడగలా నింపుకునే రకం 1973 నుంచి ఉంది. ఖర్చెక్కువ, ఒకసారి పెట్టాక పాత స్థితికి తిరిగి రావడం ఉండదు. కానీ మిగతావన్నీ విఫలమైనవాడికి అది ఉందని తెలియాలి కదా. ప్రొస్టేట్ కాన్సర్ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిన్నవాడు మీ షాపు చుట్టూ ఎన్నాళ్ళు తిరిగినా మాత్రతో ఏమవుతుంది? హార్మోను ఇంజెక్షన్ కావాలని అడిగేవాడి సంగతి సరేసరి. పొద్దున్నే రక్తం తీసి చూస్తే టెస్టోస్టెరాన్ నిజంగా తక్కువ ఉన్నవాడికే అది. లేనివాడికిస్తే వీర్యకణాలు తగ్గిపోతాయి. పిల్లలు కావాలనుకునే కుర్రాడికి అది వరం కాదు.

షాపాయన: సరే, మీరు కుర్రాళ్ళన్నారు కాబట్టి ఆ మాట మాట్లాడుకుందాం. పెళ్ళి కుదిరిన ఇరవై అయిదేళ్ళవాడు వస్తాడు. వాడికి జబ్బేం లేదని నాకే తెలుస్తూ ఉంటుంది. పొద్దున్న లేచేసరికి మామూలుగానే ఉంటుంది అంటాడు. భయం, అంతే. స్నేహితులు చెప్పిన కోతలు, ఫోన్లో చూసిన సినిమాలు. వాడికి నాలుగు మాత్రలిచ్చాననుకోండి. జేబులో ఉన్నాయన్న ధైర్యానికే సగం బాగుపడతాడు. రెండు వారాల తరవాత మళ్ళీ రాడు. ఇది తప్పా?

డాక్టరు: రాకపోతే తప్పు కాదు. వచ్చేవాళ్ళ గురించి నా భయం. మాత్ర లేకపోతే తన వల్ల కాదని నమ్మేసినవాడు ముప్ఫై ఏళ్ళకి కూడా ఆ స్ట్రిప్పు పర్సులోంచి తియ్యడు. భయం వల్ల వచ్చినదానికి మందు మాటలే. మాస్టర్స్, జాన్సన్ అని ఇద్దరు 1970లో పుస్తకం రాశారు. వాళ్ళ పద్ధతిలో మొదట కొన్నాళ్ళు సంభోగమే వద్దంటారు. పక్కపక్కన కూర్చోవడం, తాకడం, ఏది హాయిగా ఉందో చెప్పుకోవడం. గెలవాల్సిన పరీక్ష లేకపోతే భయం ఎక్కడి నుంచి వస్తుంది? ఇది మందు కంటే నెమ్మది, కానీ నిలుస్తుంది.

షాపాయన: వినడానికి బాగుందండీ. రెండు గదుల ఇంట్లో, హాల్లో తల్లి పడుకుని, పక్కగదిలో తమ్ముడు ఫోన్ చూసుకుంటూ ఉంటే, కొత్త పెళ్ళికొడుకు ఎక్కడ కూర్చుని ఏది హాయిగా ఉందో చెప్పుకుంటాడు? అసలు ఈ పద్ధతి నేర్పే మనిషి మన జిల్లాలో ఎక్కడున్నారు? డాక్టర్ సమరం గారు దశాబ్దాలుగా పత్రికల్లో జవాబులు రాస్తూ వచ్చారు, ఎందరో మగవాళ్ళకి దొరికిన కౌన్సెలింగ్ అదొక్కటే. అదీ దుప్పటి కింద దాచుకుని చదివినవాళ్ళే ఎక్కువ.

డాక్టరు: లేరు, నిజమే. ఉన్నదాన్ని బట్టి మాట్లాడుతున్నారు మీరు, ఉండాల్సినదాన్ని బట్టి మాట్లాడుతున్నాను నేను. కానీ ఇందాకట్నించీ మనిద్దరం మగవాడి గురించే మాట్లాడుతున్నాం, గమనించారా? ఇంకో మనిషి ఉంది. యాభై రెండేళ్ళ ఆవిడకి ముట్లు ఆగిపోయాయి. లోపల పొడిబారి నొప్పి. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఈ ఊసు లేదు, ఆవిడ అలవాటుపడింది. ఒక రాత్రి ఆయన ముప్ఫయ్యారు గంటలు పని చేసే టాడలాఫిల్ వేసుకుని వస్తాడు. ఆవిణ్ణి ఎవరు అడిగారు? నా గదిలోకి ఇద్దరూ వస్తే ఆ నొప్పికి కూడా మందు ఉందని చెప్పగలను. మీ కౌంటరు దగ్గర ఆవిడ ఊసే రాదు.

షాపాయన: వస్తుంది. భార్యలే వచ్చి కొంటారండీ అప్పుడప్పుడు. మడిచిన కాగితం మీద పేరు రాసుకుని, తల పక్కకి తిప్పుకుని ఇస్తారు. ఇంకో రకం కూడా విన్నాను. తన మీద మోజు పోయిందనీ, ఇంకెవరో ఉన్నారనీ ఏడ్చిన ఆవిడ, ఇది షుగరు వల్ల అని తెలిశాక స్థిమితపడింది. ఆ సంగతి ఆవిడకి తెలిసింది ఆయన మాత్ర కొనుక్కుని ఇంట్లో పట్టుబడ్డాకే. మీరన్న నొప్పి నిజమే, నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. కానీ ఏ రాత్రీ దగ్గరికి రాక, కారణం చెప్పక, గోడవైపు తిరిగి పడుకునే మొగుడితో కాపురమూ నొప్పే కదా.

డాక్టరు: అందుకే నేను మాత్ర వద్దనడం లేదు. మాత్రతో ఆగిపోవద్దంటున్నాను. ఇటలీలో లావుగా ఉన్న మగవాళ్ళని రెండేళ్ళపాటు తిండి తగ్గించి, నడిపించి చూశారు. 2004లో వచ్చిన లెక్క అది. యాభై అయిదు మందిలో పదిహేడు మందికి ఏ మందూ లేకుండా మామూలు స్థితి వచ్చింది. మామూలు సలహా ఇచ్చి వదిలేసినవాళ్ళలో ముగ్గురికే.

షాపాయన: పదిహేడు మందికి వచ్చింది. ముప్ఫై ఎనిమిది మందికి రాలేదు. వాళ్ళు రెండేళ్ళు నడిచారు పాపం. మీరే అన్నారు చివరి ఆయకట్టని. పైన కాలువ పూడిక తీసేదాకా ఆ రైతుని ఊరికే కూర్చోమంటారా? ఈ పంటకి ఒక తడైనా ఇవ్వాలి కదా.

డాక్టరు: ఇవ్వండి. మూడు ప్రశ్నలు అడిగి ఇవ్వండి. సార్బిట్రేట్ వాడుతున్నారా, ఛాతీలో నొప్పి వస్తుందా? ఆయాసం లేకుండా రెండంతస్తులు మెట్లెక్కగలరా? షుగరు, బీపీ చూపించుకుని ఎన్నాళ్ళయింది? చీటీ సంగతి నేను మాట్లాడను.

షాపాయన: అడుగుతాను. సార్బిట్రేట్ ఉందన్నవాడికి ఇవ్వను, అంతమాత్రం పాపభయం ఉంది. కానీ వాడు నాలుగడుగులు వేసి పక్కషాపుకి పోతాడు. ఈసారి ఏం చెప్పకూడదో నా ప్రశ్నే వాడికి నేర్పి ఉంటుంది. అప్పుడు?

డాక్టరు: ఇవ్వనని చెప్పి వదిలెయ్యకుండా, ఆ నైట్రేటు తనకి ఇంకా అవసరమో కాదో గుండె డాక్టర్ని అడగమని చెప్పండి. ఎప్పుడో రాసింది మానకుండా మింగుతూ ఉండేవాళ్ళున్నారు. మార్చే వీలు కొందరికి ఉంటుంది. తనంతట తాను మాత్రం ఆపకూడదు. మార్చే వీలు లేకపోతే పంపు ఉంది. నా దగ్గరికి పంపండి, చెప్తాను.

షాపాయన: పంపితే వస్తాడా? మీ బోర్డు మీద షుగరు, థైరాయిడ్, బీపీ, గుండె అని ఉంది. ముందు ఇది కూడా రాయించండి.

డాక్టరు: రాయిస్తే షుగరు కోసం వచ్చేవాళ్ళలో సగం మంది గేటు దాటరు. ఎవరైనా చూస్తే ఇందుకే వెళ్ళాడనుకుంటారని.

షాపాయన: చూశారా మరి.

డాక్టరు: ఏం చూడటం? మీరూ మీ షాపు మీద రాయించలేదుగా.

షాపాయన: నేను రాయించకుండానే వస్తున్నారండీ.